చలిపొద్దుల్లో... చెలులతో... సైకిలు మీద!

పుష్యమాసాన పూస గుచ్చే పొద్దుండదని పెద్దవాళ్ళ మాట. లేచింది మొదలు పాలు, టిఫిన్లు, క్యారేజీలు, పిల్లల స్వెట్టర్లు, అత్తగారికి వేణ్ణీళ్ళు... ఇవన్నీ అయ్యేసరికి పొద్దు కాస్తా గూట్లో పడుతుంది. ఇలాంటి రోజుల్లో, అందులోనూ వణికించే చలిలో, కొండదారిలో సైకిళ్ళు తొక్కుకుంటూ వెళ్ళే ఆడవాళ్ళున్నారంటే "వాళ్ళకేం పనీ పాటా లేదా?" అని ముక్కున వేలేసుకుంటాం.

కానీ కాస్త ఆలోచించండి. కార్తీకమాసంలో వనభోజనాలకి వెళ్తామంటే ఎవరూ కాదనరు కదా! ఉసిరిచెట్టు కింద నలుగురం చేరి తినడం, కబుర్లాడుకోవడం మనకేం కొత్త కాదు. ఇదీ అలాంటి షికారే. కాకపోతే బస్సెక్కి కాకుండా మన కాళ్ళ బలంతో వెళ్ళాలి. అంతే తేడా.

కొండ ఎక్కడమే కష్టమని అందరూ అనుకుంటారు. నిజానికి ఎక్కడం సాధన చేస్తే వస్తుంది. చలిలో దిగడమే అసలు పరీక్ష. ఆ పరీక్ష క్షేమంగా గట్టెక్కాలంటే పక్కన స్నేహితురాళ్ళు ఉండి తీరాలి. ఈ వ్యాసంలో చెప్పబోయేదంతా ఆ సంగతే.

ఎక్కడికి వెళ్ళాలి?

ఉత్తరాంధ్ర వాళ్ళకి అరకు దారి ఉండనే ఉంది. విశాఖపట్నం నుంచి అరకులోయకి రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. అదంతా తొక్కాలని ఎవరూ అనరు. మైదానం దారంతా వ్యానులో వెళ్ళి, శృంగవరపుకోట దాటాక కొండ మొదలయ్యే చోట సైకిళ్ళు దింపుకుంటే చాలు. అక్కణ్ణించి టైడా మీదుగా అనంతగిరి వైపు మలుపులు మలుపులుగా ఘాట్ రోడ్డు. అరకులోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. రోడ్డు మాత్రం అనంతగిరి, గాలికొండ దగ్గర అంతకన్నా ఎత్తుకెక్కి, మళ్ళీ లోయలోకి దిగుతుంది.

ఇవే కొండల్లోంచి కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వెళ్తుంది. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి 1960లలో వేసిన మార్గమిది. ఆ రైలు ఎన్నో సొరంగాలు దూరితే గానీ కొండ దాటలేదు. అలాంటి కొండని మనం సైకిలు మీద ఎక్కడమంటే చిన్న సంగతేం కాదు!

చలికాలంలో ఈ దారి అందం చెప్పతరం కాదు. నవంబరు, డిసెంబరు నెలల్లో వలిసె చేలు పసుపుపచ్చగా విరగబూస్తాయి. వెండి ఓకు చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లనే పెనవేసుకున్న మిరియాల తీగెలు. ఇక్కడి అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మోటారు బండిలో వెళ్తే ఇవన్నీ కిటికీలోంచి పరుగెత్తి పోతాయి. సైకిలు మీద వెళ్తే ఒక్కో తోటా మనతో కాసేపు మాట్లాడి పంపిస్తుంది.

చలి సంగతి కూడా తెలుసుకోండి. ఇదే కొండల్లో చింతపల్లి దగ్గర లంబసింగి ఉంది. ఆ ఊరికి కొర్రబయలు అనే పేరు కూడా ఉంది. బయట నిలబడితే కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరట! ఇంకో విశేషమేమిటంటే, రాత్రి చల్లబడ్డ గాలి బరువెక్కి లోయలోకి జారి అక్కడే ఉండిపోతుంది. అందుకే తెల్లవారుజామున ఒక్కోసారి కొండ మీద కన్నా లోయ అడుగునే చలి ఎక్కువ. ఎండెక్కాక బయల్దేరమనేది అందుకే.

హైదరాబాదు వాళ్ళకి వికారాబాదు దగ్గర ఇంకో అనంతగిరి ఉంది. మూసీ నది పుట్టేది అక్కడే, అనంతపద్మనాభస్వామి గుడి ఉండేదీ అక్కడే. ఆ కొండలు అంత ఎత్తు కావు. కొత్తగా మొదలుపెట్టే వాళ్ళకి అనువైనవి.

ఈ వయసులో సైకిలా?

"చిన్నప్పుడు తొక్కాం గానీ ఇప్పుడెలా?" అని చాలామంది అనుమానం. అమెరికాలో ఫ్రాన్సెస్ విలార్డ్ అనే సంఘసేవకురాలు ఉండేది. మద్యపానానికి వ్యతిరేకంగా, ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం పోరాడిన మనిషి. ఆవిడ సైకిలు నేర్చుకున్నది 53వ ఏట! రోజుకి పది పదిహేను నిమిషాల చొప్పున మూడు నెలల పాటు సాధన చేసి, ఆ అనుభవాన్ని 1895లో పుస్తకంగా కూడా వేసింది. కాలి మడమల దాకా జారే గౌన్ల కాలం అది. సల్వార్ కమీజు వేసుకునే మనకేం అడ్డం?

అంత దూరం ఎందుకు, పక్కనున్న తమిళనాడు చూడండి. పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. దాని పేరు అరివొళి ఇయక్కం. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ చొరవతో చదువుతో పాటు సైకిలూ నేర్పించారు. లక్ష మందికి పైగా పల్లెటూరి స్త్రీలు సైకిలెక్కారని పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు. ఆడవాళ్ళ సైకిళ్ళు దొరక్కపోతే మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు. ముందున్న అడ్డకడ్డీ మీద చంటిపిల్లని కూర్చోబెట్టుకోవచ్చని కొందరు వాటినే కావాలన్నారట! బస్సు కోసం గంటలు గంటలు ఎదురుచూడకుండా, ఎవరో వచ్చి దింపుతారని కాచుకోకుండా తమ పని తాము చేసుకున్నారు. మన నెల్లూరు జిల్లాలో అక్షరాలు నేర్చిన ఆడవాళ్ళు సారా మీద తిరగబడిందీ ఆ రోజుల్లోనే.

కాబట్టి సైకిలంటే పిల్లల ఆట అనుకోకండి. మన పొద్దులో కొంత మనకి మిగుల్చుకోవడం కూడా అందులో ఉంది. "ఒక్క పూట వంట నేను చూస్తాను, వెళ్ళిరా" అని ఇంట్లో ఒక్కరి చేత అనిపించుకోగలిగితే సగం కొండ ఎక్కినట్టే!

ముందు నెల రోజులు...

బయల్దేరడానికి కనీసం నాలుగైదు వారాల ముందు నుంచి సాధన మొదలుపెట్టండి. వారానికి మూడు రోజులు, పొద్దున్నే అరగంట చాలు. రెండో వారం నుంచి ఊళ్ళో ఉన్న ఫ్లైఓవరో, గుడి మెట్టో, చిన్న ఎత్తేదైనా చూసుకుని నాలుగైదుసార్లు ఎక్కి దిగండి. చివరి వారం స్నేహితురాళ్ళంతా కలిసి ఒకసారి 20–25 కిలోమీటర్లు తొక్కితే, ఎవరి ఊపిరి ఎంతో అందరికీ తెలిసిపోతుంది.

బీపీ, గుండెజబ్బు, ఉబ్బసం, మోకాళ్ళ నొప్పులు, రక్తహీనత ఉన్నవాళ్ళు ముందుగా డాక్టరుని అడగాలి. చల్లగాలి ఉబ్బసం ఉన్నవాళ్ళని ఇబ్బంది పెడుతుంది. గర్భవతులు ఈ షికారు మరో ఏడాదికి దాచుకోవడం మంచిది.

సైకిలు ఖరీదైనదే కానక్కర్లేదు. గేర్లుండాలి, రెండు బ్రేకులూ గట్టిగా పట్టాలి. సీటు ఎత్తు చూసుకోండి. పెడల్ కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగాలి. సీటు మరీ కిందికుంటే మోకాళ్ళు పట్టేస్తాయి. బయల్దేరే ముందు బ్రేకు దిమ్మలు అరిగాయేమో, బ్రేకు తీగెలు పోగులు పోయాయేమో సైకిలు షాపులో చూపించండి. హెల్మెట్ తప్పనిసరి. పొగమంచులో కనిపించేలా వెనక ఎర్ర దీపం, ముందు తెల్ల దీపం, మెరిసే పట్టీ కూడా ఉండాలి.

ఎక్కేటప్పుడు

మిట్ట దగ్గరికొచ్చాక కాదు, రాకముందే గేరు మార్చాలి. ముందు చిన్న చక్రం, వెనక పెద్ద చక్రం మీదికి చైను వస్తే కాళ్ళకి తేలిక. బలమంతా పెట్టి తొక్కుతూ గేరు మారిస్తే చైను జారుతుంది.

ఎంత వేగంతో ఎక్కాలి అనేదానికి ఒకటే కొలత. పక్కామెతో కబుర్లు చెప్పగలగాలి. మాట తడబడుతోందంటే వేగం ఎక్కువైందన్నమాట. రోడ్డుకి అటూ ఇటూ పాములా మెలికలు తిరుగుతూ ఎక్కడం కొందరికి అలవాటు. ఘాట్‌లో అది చాలా ప్రమాదం. మలుపు వెనక నుంచి బస్సు ఎప్పుడొస్తుందో తెలియదు. అలిసిపోతే దిగి నడిపించుకుపోండి. అందులో నామోషీ ఏమీ లేదు. కొండదారిలో ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలన్నది నియమం. నియమం ఉంది కదా అని మాత్రం ధీమా పడకండి, ఎడమ పక్కనే, ఒకరి వెనక ఒకరు వెళ్ళండి.

ఎక్కుతున్నంతసేపూ చెమట పడుతుంది. అందుకే మందం స్వెట్టరు ఒకటి కాకుండా పల్చటి బట్టలు రెండు మూడు పొరలుగా వేసుకోవాలి. వేడెక్కుతుంటే ఒక్కో పొరా తీసి సంచిలో పెట్టుకోండి. ఒంటికి అంటుకుని ఉండే బట్ట నూలుది కాకుండా తొందరగా ఆరేదైతే మేలు. నూలుబట్ట చెమటని పీల్చుకుని తడిగా ఉండిపోతుంది. చున్నీ, చీర కొంగు చక్రంలో పడితే ప్రాణం మీదికొస్తుంది. వాటిని ఇంటి దగ్గరే వదిలేయండి. ప్యాంటు అంచులు చైనులో పడకుండా రబ్బరు బ్యాండు వేసుకోవాలి.

దిగేటప్పుడే అసలు కథ!

ఒక డిసెంబరులో మేం ఆరుగురం అనంతగిరి ఎక్కాం. పైన టీ తాగాం, ఫొటోలు దిగాం. ఇంక కిందికేగా, తొక్కే పనే లేదని అందరికీ హుషారు. నాలుగు మలుపులు దిగామో లేదో, మా పక్కింటి వదిన వెనక నుంచి గట్టిగా కేకేసింది.

"ఆగండే! నా వేళ్ళు నా మాట వినటం లేదు. బ్రేకు నొక్కానో లేదో కూడా తెలీటం లేదు!"

ఆవిడ సైకిలు హ్యాండిలు వణుకుతోంది. సైకిలు పాడై కాదు, ఆవిడ వణుకుతోంది కాబట్టి. అందరం రోడ్డు పక్కకి దిగిపోయాం. ఒకరు తన గ్లవ్స్ తీసి ఇచ్చారు. ఇంకొకరు ఫ్లాస్కులో మిగిలిన అల్లం టీ పోశారు. చేతులు చంకల్లో పెట్టుకుని వదిన పది నిమిషాలు కూర్చుంది. వేళ్ళకి స్పర్శ వచ్చింది గానీ వణుకు తగ్గలేదు.

"మీరు వెళ్ళండి, నేను మెల్లగా వస్తాలే" అంది.

"వదినా, నువ్వొక్కదానివీ ఇక్కడుంటే మేం కింద టీ ఎలా తాగుతాం? అందరం నడుద్దాం" అంది మాలో చిన్నది.

అలాగే చేశాం. కొంత దూరం సైకిళ్ళు నడిపించుకుంటూ దిగి, వ్యాను డ్రైవరుకి ఫోను చేశాం. వదినతో పాటు ఇంకొకామె కూడా వ్యానెక్కింది. ఎందుకంటే ఒక్కర్నే పంపిస్తే "నావల్ల అయింది" అని ఆవిడ దారి పొడుగునా బాధపడుతుంది. తర్వాతి ఏడాది అదే వదిన మంచి గ్లవ్స్ కొనుక్కుని, అదే దారి ఎక్కి దిగింది.

ఆ రోజు జరిగింది అర్థం చేసుకోవడం తేలికే. ఎక్కేటప్పుడు ఒళ్ళు పొయ్యిలా వేడెక్కుతుంది, బట్టలు తడుస్తాయి. దిగేటప్పుడు కాళ్ళకి పని ఉండదు, వేడి పుట్టదు. తడి బట్టల మీద ఎదురుగాలి. 10 డిగ్రీల చలిలో గంటకి 30 కిలోమీటర్ల వేగంతో దిగితే చర్మానికి 7 డిగ్రీల చలిలా ఉంటుంది. అన్నిటికన్నా ముందు మొద్దుబారేవి వేళ్ళే. బ్రేకు పట్టాల్సిందీ ఆ వేళ్ళే!

అందుకే ఈ జాగ్రత్తలు మరిచిపోకండి:

• పైకి చేరగానే, చలి వేయకముందే, తడిసిన లోపలి బట్ట మార్చుకోండి. పైన గాలి దూరని జాకెట్ వేసుకోండి. జాకెట్ లోపల ఛాతీకి అడ్డంగా పాత దినపత్రిక మడిచి పెట్టుకుంటే గాలి భలేగా ఆగుతుంది. వారపత్రికైనా పనికొస్తుంది, కాకపోతే చదివాకే సుమా!

• చేతులకి గ్లవ్స్, చెవులకి హెల్మెట్ కింద పల్చటి టోపీ, కాళ్ళకి సాక్సులు. గ్లవ్స్ వేసుకుని బ్రేకు పట్టి చూడండి. మరీ మందంగా ఉంటే పట్టు దొరకదు.

• రెండు బ్రేకులూ కలిపి వాడండి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా, హఠాత్తుగా పడితే ముందుకి పల్టీ కొట్టే ప్రమాదం ఉంది. వెనకది ఒక్కటే పట్టి ఉంచితే చక్రం జారుతుంది.

• వేగం మలుపులోకి రాకముందే తగ్గించండి. మలుపులో కాదు.

• బ్రేకు అదేపనిగా పట్టి ఉంచితే చక్రం అంచు కాలిపోతుంది. పట్టడం, వదలడం, మళ్ళీ పట్టడం... ఇలా దిగాలి.

• పొగమంచుకి చక్రాలు తడిసి ఉంటే బ్రేకు ఆలస్యంగా పడుతుంది. ముందున్నామెకి మామూలు కన్నా రెట్టింపు దూరంలో ఉండండి. నీడ పడే మలుపుల్లో రోడ్డు మధ్యాహ్నం దాకా తడిగానే ఉంటుంది.

• ప్రతి అయిదారు మలుపులకీ ఒకసారి ఆగి వేళ్ళు ఆడించండి. వణుకు మొదలైతే సైకిలు దిగిపోండి. ఇందులో మొహమాటం వద్దు.

దారి తిండి

చలిలో దాహం తెలియదు. అయినా గంటకి ఒకటి రెండు గ్లాసుల నీళ్ళు తాగాలి. ఆకలి వేసేదాకా ఆగకుండా ముప్పావు గంటకోసారి ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలి. అరటిపండు, పల్లీ చిక్కీ, ఖర్జూరాలు మంచివి. బయల్దేరే ముందు ఉప్మా గానీ ఇడ్లీ గానీ తినండి. పూరీలు, వడలు తిరిగొచ్చాక!

రాగి–నువ్వుల ఉండలు: రాగిపిండి ఒక కప్పు, నువ్వులు అరకప్పు, పల్లీలు అరకప్పు, బెల్లం తురుము ముప్పావు కప్పు, నెయ్యి నాలుగు పెద్ద చెంచాలు, ఏలకులు నాలుగు. రెండు చెంచాల నేతిలో రాగిపిండిని సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా, సుమారు పది నిమిషాలు వేయించండి. నువ్వులు, పల్లీలు విడివిడిగా వేయించి, పల్లీల పొట్టు తీసి, ఏలకులతో కలిపి బరకగా పొడి కొట్టండి. అందులోనే బెల్లం వేసి ఒక్కసారి తిప్పి, రాగిపిండిలో కలపండి. మిగిలిన నెయ్యి వేడిచేసి పోస్తూ నిమ్మకాయంత ఉండలు చుట్టుకోండి. ఒక్కో మనిషికి మూడు చాలు. వారం రోజులు నిలవ ఉంటాయి.

ఎవరూ చెప్పని సంగతులు

ఆడవాళ్ళం దారిలో పడే పెద్ద ఇబ్బంది బాత్రూము. దానికి భయపడి నీళ్ళు తాగడం మానేస్తాం, ఆనక తలనొప్పి, కండరాలు పట్టెయ్యడం. హోటళ్ళు, పర్యాటక విడిదులు ఎక్కడెక్కడున్నాయో ముందే రాసుకుని, ఆ లెక్కనే ఆగండి. బహిష్టు రోజులైతే కావలసినవి అందరికీ సరిపడా ఒకరి సంచిలో ఉంచుకోవాలి.

డిసెంబరు, జనవరి ఆదివారాల్లో అరకు దారిలో కార్ల వరస తెగదు. కుదిరితే మామూలు రోజు చూసుకోండి. ఐదున్నరకల్లా చీకటి పడిపోతుంది కాబట్టి మధ్యాహ్నం మూడున్నరకల్లా ఘాట్ దిగిపోయేలా లెక్క వేసుకోవాలి. కొండల్లో అన్నిచోట్లా ఫోన్ సిగ్నల్ ఉండదు. ఏ వేళకి ఎక్కడ కలుసుకోవాలో వ్యాను డ్రైవరుకి ముందే చెప్పి ఉంచండి. పంపు, అదనపు ట్యూబు, పంక్చరు సామాను, దూది, కట్టు గుడ్డ, యాంటీసెప్టిక్ ఒక సంచిలో వెళ్ళాలి. పంక్చరు వేయడం కనీసం ఇద్దరికైనా వచ్చి ఉండాలి.

అందరూ ఒప్పుకోవాల్సిన నాలుగు మాటలు

బయల్దేరే ముందు స్నేహితురాళ్ళంతా కూర్చుని నాలుగు మాటలు అనుకోండి. ఒకటి, అందరికన్నా మెల్లగా తొక్కే ఆమె వేగమే అందరి వేగం. రెండు, దారి బాగా తెలిసిన ఆమె ముందు, నిబ్బరమైన ఆమె చివర. చివరి ఆమెని దాటి ఎవరూ వెనకపడకూడదు. మూడు, మలుపు దాటాక వెనకామె కనిపించేదాకా ఆగాలి. నాలుగు, ఎవరు "వెనక్కి పోదాం" అన్నా ఎందుకని నిలదీయకుండా అందరూ తిరగాలి. కొండ ఎక్కడికీ పోదు, వచ్చే నెలా అక్కడే ఉంటుంది.

ఈ నాలుగో మాట ఒప్పుకోని వాళ్ళతో ఘాట్ రోడ్డుకి వెళ్ళకండి. వాళ్ళతో పార్కులో తొక్కుకోండి చాలు!

మరింకేం? అటక మీద మీ అమ్మాయి పాత సైకిలుంటే దింపి దుమ్ము దులపండి. టైర్లలో గాలి కొట్టించండి. ఎదురింటావిడ్ని, పక్కింటావిడ్ని పిలవండి. మొదటి రోజు వీధి చివరి దాకా వెళ్ళొచ్చినా చాలు. అనంతగిరి కొండకి దారి ఆ వీధి చివరి నుంచే మొదలవుతుంది.